తొలి పేరు తనది కాదని చెప్పిన శాస్త్రవేత్త

సైన్సులో 'మొట్టమొదట చేసింది ఎవరు' అన్న తగాదాలకు లెక్కలేదు. కోర్టుల దాకా వెళ్లినవి ఉన్నాయి, దేశాల పరువు సమస్యగా మారినవీ ఉన్నాయి. చేతికందిన ఆ గౌరవాన్ని 'ఇది నాది కాదు, ఆయనది' అంటూ చనిపోయిన మనిషికి తిరిగి ఇచ్చేసినవాళ్లు మాత్రం అరుదు. దేశపు తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ ఘనతను వదులుకున్న టి.సి. ఆనంద్ కుమార్ ఆ అరుదైన కోవకు చెందినవారు. ఊరూరా సంతాన సాఫల్య కేంద్రాలు వెలిసిన ఈ రోజుల్లో కూడా ఆయన పేరు తెలిసినవాళ్లు తక్కువే.

ఆనంద్ కుమార్ డాక్టర్ కాదు, జీవశాస్త్రవేత్త. పైగా ఆయనకు తొలి గుర్తింపు వచ్చింది పిల్లలు పుట్టించే పరిశోధనలో కాదు, పుట్టకుండా ఆపే పరిశోధనలో. హార్మోన్‌ను ముక్కులో స్ప్రే చేస్తే అండం విడుదల ఆగిపోతుందని ఢిల్లీ ఎయిమ్స్‌లో ఉండగా ఆయన బృందం కోతుల మీద చేసిన ప్రయోగం 1977లో 'నేచర్' పత్రికలో వచ్చింది. తర్వాత ఆయన భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, నడిపే ముంబైలోని పునరుత్పత్తి పరిశోధన సంస్థకు డైరెక్టర్ అయ్యారు. గర్భనిరోధక సాధనాలను పరీక్షించే చిన్న విభాగంగా 1950లలో మొదలైన సంస్థ అది. 'ఇద్దరు చాలు' అని గోడల మీద రాయించే ప్రభుత్వం తన సొమ్ముతో టెస్ట్‌ట్యూబ్ బేబీ పరిశోధన ఎందుకు చేయించాలి? ఆ రోజుల్లో ఈ ప్రశ్న చిన్నదేం కాదు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నాక ఉన్న బిడ్డలను పోగొట్టుకున్న తల్లులకు మళ్లీ దారి చూపాలన్నది దానికి చెప్పుకున్న జవాబుల్లో ఒకటి. ఆపరేషన్లను లక్ష్యాలు పెట్టి మరీ చేయించిన మన రాష్ట్రాల్లో ఆ జవాబులోని బరువు ఎవరికీ వివరించనక్కర్లేదు.

ముంబైలోనే ఉన్న కేఈఎం ఆసుపత్రి డాక్టర్ ఇందిరా హిందూజాతో కలిసి ఆనంద్ కుమార్ బృందం పనిచేసింది. 1986 ఆగస్టు 6న హర్ష పుట్టింది. అండం ఎప్పుడు తీశారు, ఫలదీకరణ ఎప్పుడైంది, పిండాన్ని గర్భసంచిలోకి ఎప్పుడు పంపారు, అన్నీ రాసి పెట్టారు. దేశపు తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ అని పత్రికలు రాశాయి. డైరెక్టర్ హోదా, చరిత్రలో పేరు, ఐసీఎంఆర్ అండ. ఒక శాస్త్రవేత్త ఉద్యోగ జీవితంలో ఇంతకన్నా కోరుకునేది ఏముంటుంది?

అయితే ఎనిమిదేళ్ల కిందటే కలకత్తాలో ఒక డాక్టర్ ఈ మాటే చెప్పి అల్లరిపాలయ్యాడని ఈ రంగంలో ఉన్నవాళ్లకు లీలగా తెలుసు. ఆయనే సుభాష్ ముఖోపాధ్యాయ్. 1931లో హజారీబాగ్‌లో పుట్టి, కలకత్తాలో వైద్యం చదివి, అక్కడొకటి, ఎడిన్‌బరోలో ఒకటి, రెండు డాక్టరేట్లు తెచ్చుకున్న మనిషి. 1967లో తిరిగొచ్చి ప్రభుత్వ వైద్య కళాశాలలో పాఠాలు చెప్పుకుంటూ పరిశోధన చేశారు. పక్కన ఇద్దరే ఇద్దరు: శీతలీకరణ శాస్త్రం తెలిసిన సునీత్ ముఖర్జీ, గైనకాలజిస్ట్ సరోజ్ కాంతి భట్టాచార్య. ఇంగ్లండ్‌లో ప్రపంచపు తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ లూయీ బ్రౌన్ పుట్టిన 70 రోజులకు, 1978 అక్టోబరు 3న, కలకత్తాలో 'దుర్గ' పుట్టింది. దసరా రోజులు కదా, పత్రికల కోసం ఆ పేరే పెట్టారు.

ఇంతవరకు కథ చాలామందికి తెలుసు. దుర్గ ప్రపంచంలో ఇలా పుట్టిన రెండో బిడ్డా, మూడో బిడ్డా అన్న వరుస సంఖ్య దగ్గరే చర్చ ఆగిపోతుంటుంది. నా దృష్టిలో అసలు విషయం వేరే ఉంది. సుభాష్ పట్టిన దారి ఇంగ్లండ్ వాళ్ల దారి కాదు. లూయీని పుట్టించిన రాబర్ట్ ఎడ్వర్డ్స్, ప్యాట్రిక్ స్టెప్టో బృందం మందులతో విసిగిపోయి వదిలేసి, సహజమైన నెలసరి చక్రంలో పండే ఒక్క అండం కోసం కాపు కాసింది. పొట్ట మీద చిన్న గాటు పెట్టి లాపరోస్కోప్‌తో దాన్ని తీసి, పిండం ఎనిమిది కణాలయ్యాక అదే చక్రంలో తల్లి గర్భసంచిలో పెట్టింది. సుభాష్ హార్మోన్ ఇంజెక్షన్లు ఇచ్చి ఒకేసారి ఎక్కువ అండాలు పండేలా చేశారు. వాటిని పొట్ట వైపు నుంచి కాకుండా యోని మార్గంలో చిన్న కోత పెట్టి తీశారు. తయారైన పిండాలను ద్రవ నత్రజనిలో 53 రోజులు గడ్డకట్టించి ఉంచారు. ఇంజెక్షన్ల ప్రభావం తగ్గి తల్లి శరీరం మామూలు స్థితికి వచ్చాక, తర్వాతి చక్రంలో వాటిని కరిగించి లోపల పెట్టారు.

ఐవీఎఫ్, అంటే ఈ టెస్ట్‌ట్యూబ్ పద్ధతి, చేయించుకున్న ఏ దంపతులనైనా అడగండి. పొట్టకు ఇంజెక్షన్లు, యోని మార్గంలో అండాల సేకరణ, 'ఇప్పుడే వద్దు, ఫ్రీజ్ చేసి వచ్చే నెల పెడదాం' అనే డాక్టరు మాట. పరికరాలు మారాయి, కోత బదులు స్కానింగ్ చూస్తూ సూదితో తీస్తున్నారు, అంతే. ఇంజెక్షన్లతో అండాలు పెంచే పద్ధతితో అమెరికాలో తొలి బిడ్డ పుట్టింది 1981 డిసెంబరులో. గడ్డకట్టించిన పిండం నుంచి పుట్టిన తొలి బిడ్డగా ప్రపంచం లెక్కవేసింది 1984లో మెల్‌బోర్న్‌లో పుట్టిన పాపను. సుభాష్ రాసుకున్న ప్రయోగాల నోట్లు నిజమైతే ఒక ప్రభుత్వ కళాశాల అధ్యాపకుడు వీటన్నిటినీ కలిపి 1978లోనే చేసేశాడు.

నిజమైతే! గొడవంతా ఈ మాట దగ్గరే. దుర్గ పుట్టాక సుభాష్ రాష్ట్ర ఆరోగ్య శాఖ డైరెక్టర్‌కు నివేదిక ఇచ్చారు. నవంబరులో ప్రభుత్వం విచారణ సంఘం వేసింది. దాని అధ్యక్షుడు రేడియో ఫిజిక్స్ ప్రొఫెసర్. పిండాలను పెంచి చూసినవాళ్లు అందులో లేరు. అప్పటికి దేశంలోనే లేరనుకోండి. సీలు చేసిన ఆంప్యూల్స్‌లో పిండాలు పెట్టానని చెబితే 'ఆంప్యూల్‌ను సీలు ఎలా చేస్తారు?' అని అడిగారట. కరెంటు పోతే పిండాల గతేమిటన్న ప్రశ్న కూడా వచ్చిందని చెప్పుకుంటారు. కరెంటు కోతల కలకత్తాలో వినడానికి గట్టి ప్రశ్నే అనిపిస్తుంది. ద్రవ నత్రజని మైనస్ 196 డిగ్రీల దగ్గర ఉంటుంది, డబ్బాలో ద్రవం నింపుతూ ఉంటే చాలు, దానికి కరెంటుతో పనిలేదు. ఇంటర్ పిల్లలకు కూడా అర్థమయ్యే ఈ సంగతి తెలియని ప్రశ్న ఆ సంఘం తాహతును చెబుతోంది. చివరికి సుభాష్ వాదన నమ్మదగ్గది కాదని తేల్చారు.

సంఘం అనుమానించడం తప్పు కాదు. సుభాష్ పక్షాన రాసేవాళ్లు ఈ సంగతి దాటవేస్తుంటారు. ఆయన ప్రచురించింది శీతలీకరణ శాస్త్రానికి చెందిన ఒక భారతీయ పత్రికలో చిన్న నోట్ మాత్రమే. ఎడ్వర్డ్స్, స్టెప్టో తమ లేఖను ఆగస్టు 12 కల్లా 'లాన్సెట్'లో అచ్చేయించారు. ప్రసవాన్ని సినిమా తీయించారు, తల్లికి పనిచేసే అండవాహికలు లేవని రుజువులు దగ్గర పెట్టుకున్నారు. లూయీ తల్లిదండ్రులు ప్రపంచం ముందుకొచ్చారు. కలకత్తా దంపతులు రాలేదు. సంప్రదాయ కుటుంబం. బిడ్డ ఎలా పుట్టిందో నలుగురికీ తెలియడం వాళ్లకు ఇష్టం లేదు, డాక్టరు ఆ మాట నిలబెట్టాలి. సంతాన సాఫల్య శాస్త్రవేత్త వృత్తిలో ఉన్న చిక్కు ఇదే. తన ప్రయోగానికి రుజువు ఒక బిడ్డ. ఆ బిడ్డను బయటపెట్టే హక్కు తనకు లేదు. కొత్త మందు కనిపెట్టినవాడు సీసా బల్ల మీద పెట్టి చూపిస్తాడు. ఇతని దగ్గర చూపించడానికి మిగిలేవి నోటు పుస్తకాలే. వాటిని చదవగలిగిన మరో మనిషి దొరికితేనే అతని మాట నిలబడుతుంది.

సుభాష్‌కు అలాంటి మనిషి బతికుండగా దొరకలేదు. 1979 జనవరిలో హైదరాబాద్‌లో జరిగిన భారత సైన్స్ కాంగ్రెస్‌లో ఆయన తన పని గురించి మాట్లాడారు. మన ఊళ్లో, మన ముందే చెప్పి వెళ్లారన్నమాట! వాదించేవాళ్లు గానీ, కలకత్తా వెళ్లి నోట్లు చూద్దామనుకున్నవాళ్లు గానీ ముందుకు రాలేదు. క్యోటో విశ్వవిద్యాలయం పిలిస్తే ప్రభుత్వం జపాన్ వెళ్లనివ్వలేదు. గుండెపోటు వచ్చింది. 1981 జూన్‌లో కంటి వైద్య సంస్థకు బదిలీ చేశారు. పిండాల శాస్త్రవేత్తకు కళ్ల ఆసుపత్రిలో ఎలక్ట్రోఫిజియాలజీ ప్రొఫెసర్ పదవి! కొద్ది వారాలు కూడా గడవకముందే ఆయన తన ఇంట్లో ప్రాణం తీసుకున్నారు. ఒక మనిషి అలాంటి నిర్ణయానికి రావడానికి ఒక్కటే కారణం ఉంటుందని నేను అనను. కానీ ఆ ఉత్తర్వు మీద సంతకం ఒక ప్రభుత్వ అధికారిది.

ఎడ్వర్డ్స్‌ను కూడా పూలదండలతో ఏమీ నడిపించలేదు. 1971లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి ఆయనకు నిధులు నిరాకరించింది. మత పెద్దలు తిట్టారు, తోటి శాస్త్రవేత్తలు ముఖం మీదే విమర్శించారు. ఒక అమెరికన్ దాత ఇచ్చిన డబ్బుతో, కేంబ్రిడ్జ్ నుంచి ఓల్డ్‌హామ్‌లోని చిన్న ఆసుపత్రికి గంటల తరబడి కారులో తిరుగుతూ ఏళ్లు గడిపారు. తేడా ఒక్కచోటే ఉంది. అక్కడ డబ్బు ఇవ్వలేదు గానీ కూర్చున్న కుర్చీ లాగేయలేదు. కేంబ్రిడ్జ్ ఉద్యోగం కేంబ్రిడ్జ్‌లోనే ఉంది. మన దగ్గర అధ్యాపకుడి పరిశోధన ఆపాలంటే వాదనలో ఓడించనక్కర్లేదు. బదిలీ ఉత్తర్వు చాలు. ప్రభుత్వ వైద్య కళాశాలల్లో పనిచేసిన ఎవరిని అడిగినా ఈ మాట ఇప్పటికీ నిజమేనంటారు.

మళ్లీ ఆనంద్ కుమార్ దగ్గరికి వద్దాం. పదవీ విరమణ చేసి బెంగళూరులో సంతాన సాఫల్య కేంద్రం నడుపుతున్న ఆయన 1997 ఫిబ్రవరిలో ఒక సదస్సు కోసం కలకత్తా వెళ్లారు. సుభాష్ చేతిరాత నోట్లు అక్కడ ఆయన చేతికొచ్చాయి. మర్యాదకు తిరగేసి, ఒక నమస్కారం పెట్టి, రైలెక్కి వచ్చేయవచ్చు. అడిగేవాళ్లు లేరు. ఆయన కాగితం కాగితం చదివారు, దుర్గ తల్లిదండ్రులతో మాట్లాడారు. ఏ రోజు ఏ మోతాదు ఇస్తే ఏం జరగాలో, ఏ గంటకు పిండం ఏ దశలో ఉండాలో స్వయంగా చేసి చూసిన మనిషి కాబట్టి అబద్ధం రాస్తే ఎక్కడ దొరికిపోతుందో ఆయనకు తెలుసు. దొరకలేదు. అదే ఏడాది 'కరెంట్ సైన్స్' పత్రికలో వ్యాసం రాశారు: భారతదేశపు తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ రూపశిల్పి సుభాషేనని. పద్దెనిమిదేళ్ల కిందట విచారణ సంఘం చేయాల్సిన పనిని, ఆ ఫలితంతో తన పేరు పోయే ఒకే ఒక్క మనిషి చేశారు.

దీన్ని మంచితనం ఖాతాలో వేసి దండం పెట్టేసుకుంటే ఆయనకు అన్యాయం చేసినట్టే. అది మంచితనం కన్నా ముందు నైపుణ్యం. పోటీదారు నోట్లను పోటీదారు మాత్రమే సరిగా చదవగలడు. ఆ తర్వాతే ఐసీఎంఆర్ కదిలింది, 2000ల మొదట్లో సుభాష్ పనిని గుర్తించారు. 2003లో, పాతికేళ్లు నిండిన దుర్గ తనంతట తాను వచ్చి 'ఆ బిడ్డను నేనే' అని లోకానికి చెప్పింది. మన దేశంలో సంతాన సాఫల్య కేంద్రాలకు 2005లో వచ్చిన ఐసీఎంఆర్ మార్గదర్శకాల వెనుక కూడా ఆనంద్ కుమార్ చేయి ఉంది. 2010 జనవరిలో ఆయన పోయారు. అదే ఏడాది అక్టోబరులో ఎడ్వర్డ్స్‌కు నోబెల్ ప్రకటించారు.

ఆ నోబెల్‌లో కూడా ఒక పేరు లేదు. ఓల్డ్‌హామ్ ల్యాబ్‌లో కల్చర్ ద్రవాలు తయారుచేసి, పిండం విభజనను రాత్రింబవళ్లు కనిపెట్టుకున్న జీన్ పర్డీ 1985లోనే, 39 ఏళ్లకు చనిపోయింది. ఆసుపత్రి గోడకు ఫలకం పెట్టేటప్పుడు ఆమె పేరు వదిలేస్తే చేర్చమని ఎడ్వర్డ్స్ ఉత్తరాలు రాసినా వినలేదు. మన సంతాన సాఫల్య కేంద్రాల హోర్డింగుల మీద ఈ రోజు ఎవరి ఫొటోలు ఉంటాయో చూడండి. తెల్లకోటు వేసుకున్న గైనకాలజిస్ట్ నవ్వుతూ ఉంటారు, పక్కన పసిపాప. అండాన్ని, శుక్రకణాన్ని కలిపిన ఎంబ్రియాలజిస్ట్ ఎవరో లక్షలు కట్టిన దంపతులకు చాలాసార్లు పేరు కూడా తెలియదు.

2021లో వచ్చిన సంతాన సాఫల్య చికిత్సల (ఏఆర్‌టీ) నియంత్రణ చట్టం, మరుసటి ఏడాది నిబంధనలు ఐవీఎఫ్ చేసే కేంద్రంలో ఎంబ్రియాలజిస్ట్ ఉండి తీరాలన్నాయి. రికార్డులు భద్రపరచాలన్నాయి. మంచిదే. కానీ 2025 జులైలో సికింద్రాబాద్‌లో బయటపడ్డ కేసు గుర్తుందిగా? సరోగసీలో పుట్టిందని చేతికిచ్చిన బిడ్డ తమది కాదని డీఎన్‌ఏ పరీక్షలో తెలుసుకున్న దంపతులది. కాగితం మీద రూలు ఉంటే చాలదని ఆ కేసు చెబుతోంది. కాగితాలు ఉంటాయి, సంతకాలూ ఉంటాయి. లోపలి పని తెలిసిన బయటి మనిషి వాటిని తెరిచి చదవడమే జరగదు.

తనిఖీకి వెళ్లే బృందంలో ఆ కేంద్రంతో సంబంధం లేని ఎంబ్రియాలజిస్ట్ ఒకరు కచ్చితంగా ఉండాలి. ల్యాబ్ రిజిస్టరులో ఏదో ఒక నెల తెరిచి, అండాల లెక్క దగ్గర్నుంచి పిండాల లెక్క దాకా ఆయన చదివి సంతకం చేయాలి. డిశ్చార్జి కాగితం మీద డాక్టరు పేరు పక్కనే ల్యాబ్‌లో పనిచేసిన ఎంబ్రియాలజిస్ట్ పేరు, రిజిస్ట్రేషన్ వివరాలు రాయాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, నిబంధనల్లో రెండు వాక్యాలు చేరిస్తే సరిపోతుంది. 1978లో రేడియో ఫిజిక్స్ ప్రొఫెసర్‌ను పంపినట్టు ఇప్పుడు కూడా జిల్లా అధికారులు తలుపు దగ్గర లైసెన్సు కాగితం చూసి వచ్చేస్తే దాన్ని తనిఖీ అనలేం.