మహారాజశ్రీ నల్లపొగ గారి సముఖమునకు

బెంగళూరు హోసూరు రోడ్డు మీద రోజూ స్కూటరు నడుపుకొనే ఒక తెలుగువాడు సవినయంగా వ్రాసుకొను విన్నపము. ఉభయకుశలోపరి. దగ్గు, కళ్ళమంట మినహా ఇక్కడ మేమందరమూ కుశలమే. తమరి కుశలం మాత్రం సిల్క్ బోర్డు కూడలిలో పచ్చదీపం వెలిగిన ప్రతిసారీ కళ్ళారా చూస్తూనే ఉన్నాము.

ముసలి లారీల వెనకా, బోరుకొచ్చిన టెంపోల వెనకా తిరిగే మీ పేదబంధువుల మీద నాకు పెద్దగా ఫిర్యాదు లేదు. వాళ్ళు పిలవని పేరంటానికి వచ్చినవాళ్ళు. వచ్చినందుకు బండి యజమాని కూడా కాస్త సిగ్గుపడతాడు. నేను వ్రాస్తున్నది డబ్బిచ్చి, ముహూర్తం పెట్టి పిలిపించుకున్న తమరికి. మా అపార్టుమెంటులో మదనపల్లె టమాటా వ్యాపారి గారి అబ్బాయి ఒకడు, సరుకు మోయడానికని నాన్నను ఒప్పించి పికప్ ట్రక్కు కొన్నాడు. దాని తొట్టిలోకి ఇంతవరకు ఒక్క టమాటా బుట్ట కూడా ఎక్కలేదు గాని, బండి మాత్రం ఇంజను లాగుడు పెంచే ట్యూనింగు గ్యారేజీ గడప తొక్కింది. మెకానిక్కు స్టీరింగు కింద ఉన్న సాకెట్టులో కేబులు గుచ్చి, ల్యాప్‌టాప్ తొడ మీద పెట్టుకుని, ఇంజను తలరాతను చెరిపి కొత్తది వ్రాశాడు. ఆ తర్వాత యాక్సిలరేటరు బలంగా తొక్కేసరికి తమరు వెలువడి, సైలెన్సరుకు ఎదురుగా ఉన్న సున్నపు గోడ మీద పళ్ళెమంత నల్లటి మచ్చగా కుదురుకున్నారు. మెకానిక్కు ఆ మచ్చ మీద వేలితో ఒక గీత గీసి చూసుకుని, "లాగుడు పెరిగిందని లోపలున్నోడికి తెలుస్తాది అన్నా, వెనకున్నోడికి తెలియాలంటే పొగ ఉండాల గదా" అన్నాడు. ఇంజన్ల గురించి నేను విన్న వ్యాఖ్యానాలలో ఇంత నిజాయితీ గలది మరొకటి లేదు.

తమరు శక్తికి నిలువెత్తు రూపమని ఆ అబ్బాయి నమ్మకం. నా అభిప్రాయంలో తమరు శక్తి కాబోయి, గాలి దొరకక, దారిలోనే ఆగిపోయిన డీజిల్. ఒక కిలో డీజిల్ పూర్తిగా కాలడానికి లెక్క ప్రకారం సుమారు 14.5 కిలోల గాలి కావాలి. సిలిండరులో ఇంధనమూ గాలీ సమంగా కలిసేంత వ్యవధి ఉండదు కనుక, ఆచరణలో అంతకంటే బాగా ఎక్కువ గాలి ఉంటేనే తమరి జననం ఆగుతుంది. ఆ గాలిని నెట్టే టర్బో, పొగగొట్టంలో నుంచి పోయే వాయువుల తాకిడికే తిరుగుతుంది కాబట్టి, సిగ్నలు దగ్గర నిలిచిన బండిలో అది ఇంకా పుంజుకుని ఉండదు. కంపెనీవారు ఇంజను కంప్యూటరులో ఒక హద్దు వ్రాసిపెట్టేది ఇందుకే: గాలి వచ్చేదాకా ఆగు, వచ్చినంతకు మించి డీజిల్ చిమ్మవద్దు అని. గ్యారేజీలో ముందుగా చెరిపేది ఆ వాక్యాన్నే. పొయ్యి నిండా కట్టెలు కుక్కి ఊదుగొట్టాన్ని అటక మీద దాచిన కోడలు మా ఊళ్ళో ఎవరైనా ఉంటే, ఆమె వంటను మెచ్చుకోవడానికి వీధిలో జనం గుమిగూడి ఉండరు.

ట్యూనింగు వల్ల బలం పెరగదని నేననను. కంపెనీ అట్టేపెట్టిన వెసులుబాటు కొంత ఉంటుంది. గాలి మిగిలి ఉన్నంతవరకు అదనంగా పోసిన డీజిల్ లాగుడుగానే మారుతుంది. పనితెలిసిన ట్యూనరు టర్బో ఒత్తిడిని కూడా చూసుకుని అక్కడితో ఆగుతాడు, అతను చేసిన బండి వెనక తమరి జాడ పెద్దగా ఉండదు. అందుకే మా కుర్రవాళ్ళు అతని దగ్గరకు వెళ్ళరు. హద్దు దాటాక పోసేదంతా పొగగొట్టంలో వేడిగాను, తమరుగాను బయటికి వస్తుంది. ఆ వేడి పిస్టన్ల తలలను, టర్బో రెక్కలను తింటుంది, లోపలికి జారిన మసి ఇంజను ఆయిల్‌ను చిక్కబరుస్తుంది. బిల్లు మదనపల్లెకు వెళుతుంది. పైగా ఈ ఊరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తున ఉండడం వల్ల చెన్నైతో పోలిస్తే ఇక్కడి గాలి దాదాపు పదోవంతు పలుచన. గాలికి కరువున్న చోటనే తమరికి ఇంత ఘనస్వాగతం దొరకడం విశేషమే.

తమరి రాకను ఆపడానికి దేశం తక్కువ కష్టపడలేదు. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 అనే వాహన కాలుష్య ప్రమాణాలు వచ్చినప్పుడు డీజిల్‌లో గంధకాన్ని పదిలక్షల పాళ్ళలో 50 నుంచి 10కి దించారు, అంతకుముందున్న బీఎస్-4 ప్రమాణాలలో డీజిల్ కారుకు కిలోమీటరుకు 25 మిల్లీగ్రాములుగా ఉన్న మసి పరిమితిని 4.5కు కుదించారు. మసిని పట్టి, దాదాపు 600 డిగ్రీల వేడిలో దాన్ని కాల్చి బూడిద చేసే డీపీఎఫ్ అనే ఫిల్టరును బండి ధరలో కలిపి అమ్మారు. మా అపార్టుమెంటు అబ్బాయి దానికి ఒకసారి డబ్బు కట్టి, దాన్ని కోయించి లోపలిదంతా ఖాళీ చేయించడానికి రెండోసారి కట్టాడు. డీజిల్ పొగ మనుషులకు క్యాన్సరు కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన విభాగం 2012లోనే తేల్చి, తమరిని మొదటి వర్గంలో చేర్చింది; ఇన్నేళ్ళలో తమరికి దక్కిన ఫస్టుక్లాసు అదొక్కటే.

చట్టం కూడా ఉంది. తయారీదారు నిర్దేశించిన మూల స్వరూపానికి విరుద్ధంగా బండిని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. కాలుష్య నిబంధన మీరితే మోటారు వాహనాల చట్టం 190వ సెక్షను కింద 10,000 రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. ఎమిషన్ పరీక్ష సంగతి అడగకండి. బండిని న్యూట్రల్‌లో ఉంచి, బరువేమీ లేకుండా రేసు చేయించి పొగ చిక్కదనాన్ని కొలుస్తారు. తమరేమో బరువు మీద పడినప్పుడు, గేరు మారినప్పుడు, వెనక ఎవరైనా ఉన్నప్పుడు ప్రత్యక్షమయ్యే స్వభావం గలవారు. సర్టిఫికెట్టు చేతికి వచ్చిన సాయంత్రమే తమరి దర్శనం కావడంలో ఆశ్చర్యమేముంది?

ఈ భక్తి మావాళ్ళు కనిపెట్టినది కాదు. అమెరికాలో సైకిలు తొక్కేవారి మీదా, హైబ్రిడ్ కార్ల మీదా కావాలని పొగ కుమ్మరించే పికప్‌లు పెరిగి, న్యూజెర్సీ రాష్ట్రం 2015లో దాన్ని చట్టరీత్యా నిషేధించవలసి వచ్చింది. దాదాపు పదేళ్ళలో 5,50,000కు పైగా డీజిల్ పికప్‌లకు కాలుష్య నియంత్రణ పరికరాలు పీకేశారని ఆ దేశపు పర్యావరణ సంస్థ 2020లో అంచనా వేసింది. అక్కడి బండ్ల తొట్లలోకైనా ఏదైనా సరుకు ఎక్కేదో లేదో మరి.

ఇక తమరు బాధపడే సంగతి ఒకటి విన్నవించక తప్పదు. తమరిని ఇంత ఆరాధించే మా అపార్టుమెంటు అబ్బాయి సిగ్నలు దగ్గర అద్దాలు నాలుగూ పైకెత్తి, బయటి గాలి లోపలికి రాకుండా ఏసీ మీట నొక్కి కూర్చుంటాడు. తమరి ప్రసాదమంతా పక్కనున్న స్కూటర్లకే. వచ్చే ఆదివారం తెల్లవారుజామున అతనూ, అలాంటి బండే ఉన్న అతని స్నేహితుడూ హెబ్బాళ, దేవనహళ్ళి మీదుగా నంది కొండకు కలిసి వెళదామని నిర్ణయించుకున్నారు. బయలుదేరే వేళ, డీజిల్ ఖర్చు, కొండ మీద తినవలసిన ఇడ్లీలు అన్నీ కుదిరాయి గాని, ఇద్దరిలో ఎవరి బండి వెనక ఉండాలన్న దగ్గర మాత్రం మాటామాటా పెరిగి, ప్రయాణం ప్రస్తుతానికి వాయిదా పడింది.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమరి వెనకనే ఉండే ద్విచక్ర వాహనదారుడు