దోశ గారికి, పెనం దగ్గర నుంచి

మహారాజశ్రీ దోశ గారి దివ్య సముఖమునకు,

ఇక్కడ అందరూ క్షేమం. అందరూ తినేశారు కూడా, నేను తప్ప.

ఆ సంగతి కూర్చుని తీరిగ్గా రాద్దామనుకున్నాను. కానీ తమరు పెనం మీద ఉన్నంతసేపూ నాకు కూర్చునే యోగం ఎక్కడిది? ఒక చేత్తో అట్లకాడ, ఒక చేత్తో కలం.

తమరి రాకకు జరిగే ఏర్పాట్లు ఏ మంత్రిగారి పర్యటనకూ జరగవు. ముందు రోజు మధ్యాహ్నమే ఒక గ్లాసు మినప్పప్పు, మూడు గ్లాసుల బియ్యం, చెంచాడు మెంతులు నానాలి. సాయంత్రం రుబ్బాలి. రాత్రంతా పులియాలి. పిండిలోని సూక్ష్మజీవులు అందులోని చక్కెరలు తిని వాయువు వదులుతాయట, మినప్పిండి జిగురు ఆ వాయువును పోనివ్వకుండా పట్టుకుంటుందట, అందుకే గిన్నె పొంగుతుందట. అంటే ఈ ఇంట్లో సూక్ష్మజీవులు కూడా నాకన్నా ముందే భోంచేస్తున్నాయన్నమాట. చలికాలం వస్తే వాటికి అలక. గిన్నెకు దుప్పటి కప్పి పొయ్యి పక్కన పడుకోబెట్టాలి. ఎండాకాలం అయితే తెల్లవారేసరికి తమరే మూత నెత్తిన పెట్టుకుని గట్టు మీదికి దిగి వస్తారు. తుడిచేది ఎవరో వేరే చెప్పాలా?

ఇక పెనం. నీళ్లు చిలకరిస్తే చుయ్యిమనాలి, కోసిన ఉల్లిపాయతో రుద్దాలి, సెగ తగ్గించాలి. ఇంత మర్యాద చేసినా మొదటి దోశ అంటుకుని తీరుతుంది. సెగ ఎక్కువైతే పిండి పెనాన్ని వదిలేసి గరిటెతో పాటు ముద్దగా లేచి వస్తుంది. సెగ కుదిరితే మాత్రం, ఒప్పుకోవాలి, ఆ నిమిషం చూడముచ్చటగా ఉంటుంది. నడుమ నుంచి గుండ్రంగా తిప్పుకుంటూ పోతే సన్నని చిల్లులు ఒక్కొక్కటే విచ్చుకుంటాయి, అంచు ఎర్రబడి తనంతట తానే పెనాన్ని వదులుతుంది. ఆ అందాన్ని పళ్లెంలో వేసి ఇస్తే చిన్నవాడు ఫోను చూస్తూ నాలుగు ముక్కల్లో మింగేసి "అమ్మా, ఇంకొకటి" అంటాడు.

అసలు ఫిర్యాదు ఇదీ. తమరు ఒక్కొక్కరుగానే వస్తారు, వేడిగా ఉండగానే తినమంటారు. మామగారికి మెత్తగా, ఆయనకు కరకరలాడుతూ, పెద్దదానికి ఉల్లిపాయలతో ఊతప్పం. తమరు వచ్చిన రోజున మా ఇంట్లో అందరూ కలిసి తిన్న దాఖలా లేదు. తమరి తోడబుట్టిన ఇడ్లీని చూడండి, ఒక్క వాయికి పదహారు. దిబ్బరొట్టె అయితే పిండంతా ఒక్కసారే పోయించుకుని, మూత కింద తన పాటికి తాను కాలి, కోస్తే అందరికీ తలా ఒక ముక్క. ఊరంతా తిట్టిపోసే ఉప్మా కూడా, పాపం, దించగానే నన్ను అందరితో పాటు కూర్చోబెడుతుంది.

పోసేవాళ్లను ఇలా నిలబెట్టే అలవాటు తమరికి కొత్తది కాదనుకుంటాను. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు మానసోల్లాసం అనే తన గ్రంథంలో ధోసక అనే పేరుతో తమరిని వర్ణించారు. వర్ణించడానికి తీరిక దొరికిందంటేనే పోసింది ఆయన కాదని తెలిసిపోతోంది. అట్లతద్ది సంగతి సరేసరి. వాయనానికి 11 అట్లు కావాలి. పోసే ఆవిడకేమో చంద్రోదయం దాకా ఉపవాసం! ఇంత పకడ్బందీగా నియమం పెట్టింది తమరి తరఫు వారే అయి ఉండాలి.

చివరికి గిన్నె అంచులు గీకి, కాస్త నీళ్లు కలిపి, జారుడు పిండితో ఆంధ్రదేశ పటం ఆకారంలో ఒకటి పోసుకుంటాను. అప్పటికి పచ్చడి అడుగంటి ఉంటుంది. దాన్ని పళ్లెంలో వేసుకుని పీట మీద కూర్చుంటానో లేదో, హాల్లోంచి ఆయన గొంతు వినిపిస్తుంది: "పిండి ఏమైనా మిగిలిందా?"

వచ్చే ఆదివారం తమరు రావద్దు. ఉప్మాకు కబురు పెట్టాను.

ఇట్లు,
అట్లు పోసే మనిషి

తా.క.: ఇది రాస్తుండగా పెనం మీద ఒకటి మాడింది. అది నాకే.