పాతిక డాలర్లు తిప్పి పంపిన కోర్టు

అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రం ఫెర్గూసన్‌లో ఒక నల్లజాతి మహిళ 2007లో ఒక్కసారి కారును పెట్టకూడని చోట పెట్టారు. రెండు టికెట్లు (మన చలానాల్లాంటివి), 151 డాలర్ల జరిమానా, ఆపైన ఫీజులు. ఆమె చేతిలో డబ్బు లేదు, కొన్నాళ్లు ఉండటానికి ఇల్లూ లేదు. వాయిదాలు తప్పాయి. తప్పినప్పుడల్లా కోర్టు వారంటు ఇచ్చి, కొత్త జరిమానా తగిలించింది. రెండుసార్లు అరెస్టయి, ఆరు రోజులు జైల్లో గడిపారు. 2014 డిసెంబరు నాటికి 550 డాలర్లు కట్టినా ఇంకా 541 డాలర్ల బాకీ తేలింది. బెజవాడ కాల్‌మనీ వ్యాపారులు చూస్తే ముచ్చటపడే లెక్క!

2015 మార్చిలో అమెరికా న్యాయశాఖ నివేదిక బయటపెట్టిన సంగతి ఇది. అందులో ఒక చిన్న వివరం మమ్మల్ని వదలడం లేదు. ఆమె ఒకసారి 25, మరోసారి 50 డాలర్లు కట్టబోతే, మొత్తం కడితేనే తీసుకుంటామని కోర్టు తిప్పి పంపింది. ఉన్నదాంట్లోంచి పాతిక తీసి పంపిన మనిషి కోర్టును లెక్కచేయనట్టా? జరిమానా కట్టలేదని జైలుకు పంపేముందు ఎందుకు కట్టలేదో విచారించాలని అక్కడి సుప్రీంకోర్టు 1983లోనే బేర్డెన్ కేసులో చెప్పింది. ఆ మాట ఊరి కోర్టు చెవికెక్కలేదు. ఎక్కితే నగరానికి రాబడి పోతుంది మరి. 21 వేల జనాభా ఉన్న ఊళ్లో కోర్టు ఇచ్చిన వారంట్లు 2014 డిసెంబరు నాటికి 16 వేల మందికి పైగా జనం మీద పెండింగులో ఉండేవి. నివేదిక వచ్చిన కొద్ది రోజులకే జడ్జి రాజీనామా చేశారు.

మన దగ్గర జబ్బు వేరు. 2023 డిసెంబరు చివర్లో తెలంగాణలో పెండింగ్ చలానాలపై బైకులకు 80 శాతం, కార్లకు 60 శాతం రాయితీ ప్రకటించారు. ఆషాఢం సేల్‌ను తలపించే బేరం. నో పార్కింగ్ బోర్డే లేదని వాదించగలిగినవాడు కూడా ఇలాంటప్పుడు కట్టేసి ఊరుకుంటాడు. ఒక రోజు పని మానుకుని కోర్టు మెట్లెక్కడం కంటే అదే చవక. లోక్ అదాలత్‌కు వెళ్లినా రాజీయే తప్ప తప్పెవరిదో తేల్చరు. అవార్డు, అంటే రాజీ మీద ఇచ్చే తీర్పు, అయ్యాక అప్పీలు కూడా ఉండదు.

రాయితీ ఇచ్చినప్పుడు ఎంత వసూలైందో గొప్పగా చెప్పుకుంటారు. ఎంతమంది చలానాను సవాలు చేశారు, ఎన్నిటిని కోర్టు కొట్టేసింది అన్నది కూడా జిల్లాలవారీగా బయటపెట్టాలి. ఫొటోలో బండి నంబరు ఒక్కటే కనబడితే చాలదు, అక్కడ బోర్డు ఉందో లేదో మేజిస్ట్రేటు అడగాలి. సాయంత్రం పూట ఈ కేసులు వినే ఏర్పాటు చేస్తే, ఆటో తోలుకునే మనిషి ఆ రోజు కిరాయి పోగొట్టుకోకుండా వచ్చి తన మాట చెప్పుకుంటాడు.