కాలేజీకి అడ్వాన్స్ బుకింగ్

అమెరికాలో స్థిరపడ్డ తెలుగు తల్లిదండ్రులు పొదుపరులు. ఆ పొదుపు ఉద్యమానికి పరాకాష్ఠ ఏపీ, అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. పిల్లలు హైస్కూల్లోనే కాలేజీ స్థాయి పాఠం చదివి, మే నెలలో ఈ పరీక్షలు నడిపే కాలేజ్ బోర్డు అనే సంస్థ పరీక్ష రాసి, 5కి కనీసం 3 తెచ్చుకుంటే చాలాచోట్ల ఆ సబ్జెక్టు కాలేజీలో పాసైనట్టే. దాన్నే క్రెడిట్ అంటారు. పరీక్ష ఫీజు సుమారు వంద డాలర్లు. కాలేజీలో చదివితే వేలు. ఈ బేరం వదులుకోవడానికి మనమేమైనా వెర్రివాళ్లమా?

టెక్సస్‌లో డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో ఏ పుట్టినరోజు ఫంక్షన్‌కి వెళ్లినా ఈ ఉద్యమ సమీక్ష జరుగుతూనే ఉంటుంది.

"మీవాడు ఈ ఏడాది ఎన్ని ఏపీలు తీసుకున్నాడు?"

"ఐదే అక్కా. ఏపుష్, అదే అమెరికా చరిత్ర, ఒక్కటే కొంచెం టెన్షన్‌గా ఉంది."

"ఐదేనా?" అని అక్కగారు చేతిలో సమోసా ప్లేటు పక్కన పెట్టేసి, ఫోన్ తీసి, ఒక ట్యూటర్ నంబరు పంపిస్తారు. ట్యూటర్ ఫీజును పొదుపు లెక్కలో కలపకూడదు. అది పెట్టుబడి.

ఇక మార్కుల మహిమ. చాలా స్కూళ్లలో ఏపీ క్లాసులో ఏ గ్రేడ్ వస్తే 4 బదులు 5 పాయింట్లు. అలా 4కి గాను 4.6 జీపీఏ, అంటే సగటు గ్రేడ్, వస్తుంది. ఇంటర్లో వెయ్యికి 1,080 వచ్చుంటే మనం బోర్డు మీద విచారణ వేయించేవాళ్లం. ఇక్కడ మాత్రం వాట్సాప్‌లో పెడతాం.

పన్నెండో తరగతి అయ్యేసరికి బ్యాగులో డజను ఏపీలు. ఇప్పుడు వాటిని మార్చుకోవాలి కదా. టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీలు చట్టం ప్రకారం 3 వచ్చినా మామూలుగా క్రెడిట్ ఇస్తాయి. యూటీ డాలస్ అరగంట దూరం. కానీ "ఇన్ని ఏపీలు చేసింది ఇక్కడ చేరడానికా?" అని ఇల్లంతా ఒక్కటవుతుంది. చేరితే డార్ట్‌మత్ లాంటి పేరుమోసిన చోట చేరాలి. ఏపీలకు ఇక క్రెడిట్ ఇవ్వబోమని ఆ కాలేజీ 2013లోనే ప్రకటించింది. కాల్టెక్ అసలు ఇవ్వదు. బ్రౌన్‌లో ఏపీలు డిగ్రీ లెక్కలోకి రావు. అంటే క్రెడిట్ ఇచ్చే చోటికి మనం వెళ్లం, మనం వెళ్లాలనుకునే చోట ఇవ్వరు. పొదుపు మాత్రం దిగ్విజయంగా సాగుతోంది. డాక్టరు కావాలనుకునే పిల్లలకైతే మరో వరం: కాలేజీ క్రెడిట్ ఇచ్చినా కొన్ని మెడికల్ స్కూళ్లు ఒప్పుకోవు, కెమిస్ట్రీ మళ్లీ చదవాలి.

ఆరో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్ పుస్తకాలు మోసిన జాతి మనది. అందుకే కాలేజ్ బోర్డుకు ఒక విన్నపం. ఏపీ క్యాలిక్యులస్ బీసీ సిరీస్ లెక్కల కోసం రాత్రి పదకొండు దాకా పిల్లాడి పక్కన కూర్చునే నాన్నలకూ పరీక్ష పెట్టి క్రెడిట్ ఇవ్వండి. ఇంజినీరింగ్‌లో ఎం-3 (మూడో మ్యాథ్స్ పేపర్) బ్యాక్‌లాగ్ ఉన్నవాళ్లు చాలామందే ఉన్నారు.