ఆ కాలేయం ఎవరికి పెడుతున్నారు?

"ఎయిడ్స్ రోగుల కాలేయాలు తీసి ఇతరులకు పెట్టడానికి అమెరికా అనుమతి ఇచ్చేసింది. ఆపరేషన్‌కు వెళ్లినవాళ్లకు జబ్బు అంటించి పంపుతారు. రెండు వైరస్‌లు కలిస్తే ఇక ఏ మందూ పనిచేయదు. ఎలాగూ బతకనివాళ్ల మీద ఇదొక ప్రయోగం." ఈ నాలుగు ముక్కల మెసేజ్ ఫోన్ల మీద ఫోన్లు మారుతోంది. చదివి భయపడి ఎవరైనా అవయవదానానికే దూరమైతే అది ప్రాణాల మీదికొచ్చే నష్టం. అందుకే ఒక్కో మాటకూ జవాబు చెప్పాలి.

అనుమతి మాట నిజం. ఎవరికి అన్నది మాత్రం మెసేజ్‌లో లేదు. హెచ్‌ఐవీ ఉన్నవారి అవయవాలు తీసుకోకూడదని అమెరికా 1988లో చట్టం చేసింది. అప్పటికి ఆ వైరస్‌ను అదుపు చేసే మందులు లేవు కాబట్టి ఆ భయంలో అర్థముంది. మందులు వచ్చి పరిస్థితి మారాక 2013 నవంబరులో 'హోప్' చట్టం వచ్చింది. పరిశోధనలో భాగంగా, అప్పటికే హెచ్‌ఐవీ ఉన్న రోగులకు మాత్రమే పెట్టవచ్చంది. 2016లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి వైద్యులు మరణించిన ఒకే దాత నుంచి ఒకరికి కిడ్నీ, ఇంకొకరికి కాలేయం అమర్చారు. 2024 నవంబరులో కిడ్నీకీ కాలేయానికీ ఆ పరిశోధన షరతు ఎత్తేశారు. తీసుకునేవారికి హెచ్‌ఐవీ ఉండి తీరాలన్న షరతు ఎత్తేయలేదు.

కాబట్టి 'అంటించి పంపుతారు' అన్న మాటే నిలబడదు. ముందే ఉన్నవారికి కొత్తగా అంటించేదేముంది? దాత సంగతి తెలిసి, ఒప్పుకుని సంతకం పెట్టాకే ఆపరేషన్. పొరపాట్లు జరగలేదని అనను. 2007లో చికాగోలో ఒక దాత నుంచి నలుగురికి హెచ్‌ఐవీ సోకింది. వైరస్ ఒంట్లో చేరి ఎక్కువ రోజులు కాకపోవడంతో యాంటీబాడీ పరీక్షకు (వైరస్‌ను కాక, దాని మీద ఒళ్లు తయారుచేసుకునే రక్షణ కణాల్లాంటి పదార్థాలను వెతికే పరీక్ష) అది దొరకలేదు. 2011లో తైవాన్‌లో ఫోన్‌లో చెప్పిన రిపోర్టును తప్పుగా విని, హెచ్‌ఐవీ ఉన్న దాత అవయవాలను ఐదుగురికి పెట్టారు. రెండూ దాతకు వైరస్ ఉందని తెలియక జరిగినవే. హోప్ చట్టం దారి వేరు. అక్కడ అంతా తెలిసే జరుగుతుంది.

తెలిసి కూడా హెచ్‌ఐవీ లేని బిడ్డకు పెట్టిన సందర్భం ఒకటుంది. 2017లో దక్షిణాఫ్రికాలోని జోహన్నెస్‌బర్గ్‌లో హెచ్‌ఐవీ ఉన్న తల్లి తన కాలేయంలో కొంత భాగాన్ని కన్నబిడ్డకు ఇచ్చింది. అక్కడ సగటున 49 రోజుల్లో కాలేయం దొరుకుతుంటే, ఈ బిడ్డ 181 రోజులు ఎదురుచూసింది. ఆపరేషన్‌కు ముందే బిడ్డకు వైరస్ మందులు మొదలుపెట్టారు. ఏడాది తర్వాత అత్యంత సున్నితమైన పరీక్షల్లోనూ వైరస్ కనిపించలేదు. అయినా సోకనే లేదని వైద్యులు ఖాయంగా చెప్పలేదు. ఆ తల్లి చోట నేనుంటే ఏం చేసేదాన్నో నాకు తెలుసు.

ఇక దాత వైరస్, రోగి వైరస్ రెండూ కలవడం. దాత వైరస్ రకం వేరైతే, మందులకు లొంగనిదైతే ఎలా అన్న అనుమానం వైద్యులకూ ఉంది. అందుకే దాత ఏ మందులు వాడారో, అవి పనిచేశాయో లేదో ముందే చూస్తారు. 2024లో వెలువడిన కిడ్నీ అధ్యయనంలో 198 మంది గ్రహీతలుంటే, సగం మందికి హెచ్‌ఐవీ ఉన్న దాతల కిడ్నీలు పెట్టారు. అందులో రెండో రకం వైరస్ సోకి ఉండవచ్చని అనిపించింది ఒక్కరికే. 'ఏ మందూ పనిచేయదు' అన్నది ఆ అధ్యయనంలో ఎవరికీ జరగలేదు.

'ఎలాగూ బతకనివాళ్లు' అన్న మాట దగ్గర నాకు కోపం ఆగదు. రోజూ మందు వేసుకునే హెచ్‌ఐవీ రోగి దశాబ్దాలు బతుకుతున్నాడు. అలాంటివారిలో చాలామందిని ఇప్పుడు దెబ్బతీస్తున్నది కాలేయమే. కాలేయాన్ని పాడుచేసే హెపటైటిస్ బి, సి వైరస్‌లు కూడా రక్తం ద్వారా అదే దారిన సోకుతాయి మరి.

అయితే కిడ్నీ ఫలితాలు చూపించి, కాలేయం విషయంలోనూ దాతకు హెచ్‌ఐవీ ఉన్నా లేకున్నా తేడా ఏమీ లేదనే మద్దతుదారులున్నారు. అదీ సరికాదు. 2022లో వచ్చిన చిన్న అధ్యయనంలో హెచ్‌ఐవీ ఉన్న దాతల కాలేయం పొందిన 24 మందిలో ఏడాది తర్వాత బతికున్నవారు సుమారు 83 శాతం. హెచ్‌ఐవీ లేని దాతల నుంచి పొందిన 21 మందీ బతికే ఉన్నారు. మొదటి వర్గంలో ఇన్‌ఫెక్షన్లు, క్యాన్సర్లు ఎక్కువ కనిపించాయి. ఇంత తక్కువమందితో తీర్పు చెప్పలేం గానీ, ఈ లెక్క రోగికి చెప్పకుండా సంతకం అడగడం తప్పు.

చెప్పాక రోగి పోల్చుకునేది ఆ 21 మందితో కాదు, కాలేయం దొరక్క వరుసలోనే పోయినవారితో. కిడ్నీ చెడితే డయాలసిస్ మీద ఏళ్లు నెట్టుకు రావచ్చు. కాలేయానికి అలాంటి యంత్రం లేదు. హెచ్‌ఐవీ ఉన్న దాత కాలేయానికి సరేనన్న రోగి మామూలు జాబితాలోంచీ తప్పుకోనక్కర్లేదు. రెండింట్లో ఏది ముందొస్తే అది. అతనికి ఆ కాలేయం అందిన రోజు, అతని వెనక ఉన్న హెచ్‌ఐవీ లేని రోగి కూడా వరుసలో ఒక అడుగు ముందుకు జరుగుతాడు.