ఓస్లోలో కూర్చుని లోఫోటెన్‌ను తీసిపారేయకండి

నార్వేలో మన తెలుగువాళ్లు నలుగురు చేరిన చోట యూరోపియన్ యూనియన్ ప్రస్తావన వస్తే చాలు, "చమురు డబ్బుంది, నార్వేవాళ్లకు ఇంకొకరితో పనేమిటి?" అనే మాట వినిపిస్తుంది. నాకది మింగుడుపడదు. 1972 ప్రజాభిప్రాయ సేకరణలో నార్వే ఓటర్లలో 53.5 శాతం మంది అప్పటి యూరోపియన్ కమ్యూనిటీలో చేరవద్దని ఓటేసే నాటికి ఉత్తర సముద్రంలో చమురు తీయడం మొదలై ఏడాది దాటిందంతే. 1994 నవంబరులో 52.2 శాతం మళ్లీ వద్దన్నప్పుడు చమురు ఆదాయాన్ని దాచే ప్రభుత్వ నిధి కాగితం మీదే ఉంది. అందులో తొలి సొమ్ము పడింది 1996లో.

అసలు సంగతి చేప. చలికాలంలో బారెంట్స్ సముద్రం నుంచి కాడ్ చేపలు గుడ్లు పెట్టడానికి ఉత్తర నార్వేలోని లోఫోటెన్ దీవుల తీరానికి వస్తాయి. వాటి తలలు కోసి, తోకలు జతగా కట్టి, కొయ్య దండేల మీద వేలాడదీస్తారు. ఉప్పు కూడా వేయరు. గాలికీ చలికీ నెలల తరబడి ఎండి అవి కట్టెల్లా బిగుసుకుంటాయి. ఊరి బతుకంతా ఆ దండేల మీదే. యూనియన్‌లో చేరితే తమ చేపల కోటా (పట్టుకోదగ్గ వాటా) యూనియన్ కేంద్రమైన బ్రస్సెల్స్ చేతిలోకి పోతుందని అక్కడివాళ్లు భయపడ్డారు. 1994లో రాజధాని ఓస్లోలో మూడింట రెండు వంతులు చేరదామంటే, ఉత్తరాన ఫిన్‌మార్క్‌లో దాదాపు నాలుగింట మూడు వంతులు వద్దన్నారు. కృష్ణా జలాల వాటా కోసం దశాబ్దాలుగా ట్రిబ్యునళ్ల చుట్టూ తిరుగుతున్న మనకు ఈ భయం అర్థం కాకపోతే ఎలా?

ఇంత చెప్పినా, నార్వే చేరాలనే నేనంటాను. 1994 నుంచి యూరోపియన్ ఆర్థిక ప్రాంతంలో ఉన్నాం. వ్యవసాయ, మత్స్య విధానాలను మినహాయిస్తే ఉమ్మడి మార్కెట్ నియమాలు మనకూ వర్తిస్తాయి, వాటిని ఖరారు చేసే సభలో మాత్రం మనకు ఓటు లేదు. 2025 జనవరిలో యూరోపియన్ ఇంధన ఆదేశాల మీద గొడవపడి, సంకీర్ణంలో ఉన్న సెంటర్ పార్టీ నార్వే ప్రభుత్వం నుంచి తప్పుకుంది. ఆ నియమాలు రాసేటప్పుడే మనకు ఓటుండాలని నా వాదన.

అయితే చేరదామనేవాళ్లు ప్రచారం ఓస్లో సభల్లో కాదు, ఉత్తరాది రేవుల్లో మొదలుపెట్టాలి. చేపల కోటా మీద స్పష్టమైన హామీ చేతిలో లేకుండా మూడోసారి ఓటు అడగడం ఆ ప్రజలను అవమానించడమే. ఇక్కడి పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకు పార్లమెంటు ఎన్నికల్లో ఓటుంది. అభ్యర్థి ఇంటి తలుపు తట్టినప్పుడు పన్నుల గురించి, కరెంటు బిల్లు గురించి ఎలాగూ అడుగుతాం. యూనియన్‌లో చేరితే కాడ్ కోటా ఎవరు తేలుస్తారని కూడా అడుగుదాం.