ఫైలు మూయడం నమ్మకం లేనివాళ్ల పని

ప్రోగ్రాములో తెరిచిన ఫైలును తమ చేత్తోనే మూసే కుర్రాళ్లు తిరుపతిలో పెరిగిపోతున్నారు. ఏడుకొండల కింద పుట్టి ఇంత అపనమ్మకమా! పని అవగానే ఫైలును మూసే ఏర్పాటు ప్రోగ్రామింగ్ భాషల్లోనే ఉందని, పైథాన్‌లో 2006 నుంచీ ‘విత్’ ఉందని, జావాలో 2011 నుంచీ ‘ట్రై-విత్-రిసోర్సెస్’ ఉందని వీళ్ల వాదన. వాడకం అయిపోయినవాటిని మెమరీలోంచి తనే ఏరేసే గార్బేజ్ కలెక్టర్ ఉండగా ఈ ఆత్రం ఎందుకప్పా?

పైథాన్ కోడును నడిపే మామూలు ప్రోగ్రాము సీపైథాన్. అందులో భక్తికి ఫలం వెంటనే దక్కుతుంది. తెరిచిన ఫైలులాంటి ప్రతి ఆబ్జెక్టుకూ, దాన్ని ఎంతమంది పట్టుకున్నారన్న లెక్క ఒకటి ఉంటుంది. పట్టుకున్న ఆఖరి పేరు వదలగానే లెక్క సున్నా, అక్కడికక్కడే ఫైలు మూత. రెండు ఆబ్జెక్టులు ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చుంటేనే చిక్కు. వాటికోసం వేరే కలెక్టర్ అప్పుడప్పుడు తిరుగుతుంది. పైథాన్ 3.4కు ముందు ఆ చుట్టులో ‘డెల్’ మెథడ్ (ఆబ్జెక్టు పోయేముందు నడిచే కోడు) ఉన్నది కనబడితే, దేన్ని ముందు తీయాలో తేలక ‘జీసీ.గార్బేజ్’ జాబితాలో పడేసి చేతులు దులుపుకునేది.

పైథాన్ కోడును నడిపేది ఇంకొకటుంది, పేరు పైపై (PyPy). అదే ప్రోగ్రామును అందులో నడపండి. అక్కడ లెక్కల్లేవు. కలెక్టర్ చూసేది మెమరీని, తెరిచిన ఫైళ్లను కాదు. ఫైలు ఆబ్జెక్టు పిసరంత, దాంతో మెమరీ నిండదు, కలెక్టర్ కదలదు. బస్టాండు లాడ్జిలో యాత్రికులు గదులు ఖాళీ చేసి కొండెక్కేశారు, తాళాలు వాళ్ల సంచుల్లోనే ఉన్నాయి, బోర్డు మీద ‘గదులు లేవు’. లూపులో తెరుస్తూ పోతే, చాలా లినక్స్ యంత్రాల్లో ఒక ప్రోగ్రాము తెరిచి ఉంచగల ఫైళ్ల పరిమితి 1024 కాబట్టి, ‘టూ మెనీ ఓపెన్ ఫైల్స్’ అని ఎర్రర్ 24 వస్తుంది. ఈలోగా రాసిన ఆఖరి పంక్తులు డిస్కుకు చేరకుండా బఫర్‌లోనే ఉంటాయి. సీపైథాన్‌లో పరీక్షించి పైపైకి పంపినవాళ్లకు ఇది ప్రసాదం.

జావా వాళ్లే ముందు నమ్మకం పోగొట్టుకున్నారు. ఆబ్జెక్టును ఏరేసేముందు నడిచే ‘ఫైనలైజ్’ను 2017లో 9వ వెర్షన్‌లో వాడొద్దన్నారు, 2022లో 18లో తీసేస్తామన్నారు. కారణాలు చిల్లరవి: ఎప్పుడు నడుస్తుందో, అసలు నడుస్తుందో లేదో హామీ లేదు, అందులో ఎక్సెప్షన్ వస్తే చడీచప్పుడు లేకుండా మింగేస్తుంది, ఒకటి ఇరుక్కుంటే వెనకున్నవన్నీ ఆగుతాయి. క్యూలో నిలబడడం మనకు కొత్తా?

‘గో’ భాషలోనూ అంతే, ప్రోగ్రాము ముగిసేలోపు ఫైనలైజర్ నడుస్తుందన్న హామీ లేదు. చుట్టులో ఉన్నదానికి తగిలిస్తే ఆ చుట్టు విడుదలవుతుందన్న హామీ కూడా లేదు. 2025లో గో 1.24తో ఫైనలైజర్‌కు బదులు ‘యాడ్‌క్లీనప్’ తెచ్చి చుట్టుల బాధ తగ్గించారు, భక్తిని మాత్రం పెంచలేదు.

ఒక్క హెచ్చరిక. సీపైథాన్‌ను ‘మైనస్ ఎక్స్ డెవ్’ ఆప్షన్‌తో నడిపితే, మూయకుండా వదిలేసిన ఫైలుకు ‘రిసోర్స్‌వార్నింగ్’ అని పేరుతో సహా చూపిస్తుంది. భక్తులు ఆ ఆప్షన్ జోలికి పోరాదు.